ఫ్లష్ ట్యాంకు రాత్రంతా కారుతోంది: మొత్తం మార్చాలా, వాషరు మారిస్తే సరిపోతుందా?

లాయర్‌పేట నివాసి, ఒంగోలు:

సభ్యులందరికీ నమస్కారం. మాది ఒంగోలు లాయర్‌పేటలో పాత మిద్దె ఇల్లు. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు మొదలైనప్పుడు, అంటే 12 ఏళ్ల క్రితం, ఆమె గదిని ఆనుకుని కమోడు పెట్టించి, గోడకు ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంకు బిగించాము. పైన బటన్ నొక్కే రకం. ఇన్నేళ్లూ దాని జోలికి వెళ్లవలసిన అవసరం రాలేదు.

రెండు నెలలుగా రాత్రిపూట ఇల్లు సద్దుమణిగాక ఆ గదిలోంచి సన్నగా బుస కొట్టినట్టు శబ్దం వినిపిస్తోంది. మొన్న నెల్లూరులో బంధువుల పెళ్లికి అందరం వెళ్లినప్పుడు, సాయంత్రం 6 గంటలకు మిద్దె మీది 500 లీటర్ల ట్యాంకు నిండుగా ఉండగా తాళం వేశాము. మరునాడు ఉదయం 6 గంటలకు వచ్చి కర్ర ముంచి చూస్తే మట్టం 14 సెంటీమీటర్లు దిగిపోయింది. ఇంట్లో మనిషి లేడు, కుళాయిలన్నీ పొడిగానే ఉన్నాయి. ఇది కాక, కమోడు వెనక నేల ఎప్పుడూ తడిగానే ఉంటోంది. సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించి ఏడాది కాకముందే మళ్లీ పొంగుతోంది.

పిలిపించిన పనివారు మూత తీసి చూసి, ట్యాంకు పాతబడింది కాబట్టి మొత్తం మార్చాలని చెప్పారు. మా వీధికి మున్సిపాలిటీ నీళ్లు రోజూ రావు. వచ్చిన రోజు సంపులో పట్టుకుని, మిగిలిన రోజులు బోరు నీళ్లతో సర్దుకుంటాము. అందుకే ఒక్క బిందె వృథా అయినా నాకు మనసొప్పదు. మొత్తం మార్చడానికి ముందు ఇంకేదైనా చూడాలా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

---

కావలి ప్లంబరు:

నమస్కారం అండి. నేను 20 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మీ ట్యాంకును చూడకుండా మార్చమని గానీ, వద్దని గానీ చెప్పడం సరికాదు. ముందు నీళ్లు ఏ దారిన పోతున్నాయో తేల్చుకోవాలి. ఫ్లష్ ట్యాంకులోంచి నీళ్లు పోవడానికి మూడే దారులున్నాయి. మొదటిది బయటికి, అంటే ట్యాంకుకు నీళ్లు తెచ్చే సన్నటి కనెక్షన్ పైపు నట్ల దగ్గరో, అడుగు వాషరు దగ్గరో, పగులులోంచో నేల మీదికి కారడం. రెండోది పైనుంచి, అంటే ట్యాంకు నిండగానే తేలే బంతితో లోపలికి వచ్చే నీటిని ఆపే బాల్ వాల్వు సరిగా మూసుకోక మట్టం పెరిగి, ఓవర్‌ఫ్లో గొట్టంలోకి పొర్లి కమోడులోకి పోవడం. మూడోది కిందినుంచి, అంటే బటన్ నొక్కితే నీళ్లు వదిలే ఫ్లష్ వాల్వు అడుగున ఉండే రబ్బరు సీలు సరిగా కూర్చోక నీళ్లు జారిపోవడం. రెండో దారికీ మూడో దారికీ కనబడే లక్షణం ఒకటే కావడం వల్ల చాలామంది ఒకదానికి మందు వేయబోయి ఇంకొకదానికి వేస్తారు.

ఈ రోజు ఏమీ విప్పవద్దు, పరీక్ష మాత్రమే చేయండి. గోడ దగ్గరి యాంగిల్ కాక్, అంటే ట్యాంకుకు వచ్చే నీళ్లను ఆపే చిన్న కుళాయి, పూర్తిగా మూసి ఒకసారి ఫ్లష్ చేయండి. ట్యాంకులోకి మళ్లీ చుక్క నీరు కూడా రాకూడదు. వస్తే ఆ కాక్ కూడా పాడైనట్టే, అప్పుడు తర్వాత చేసే పరీక్ష తప్పు చూపిస్తుంది. ఈ సంగతి పట్టించుకోక మోసపోయినవారిని చాలామందిని చూశాను. కాక్ సరిగా మూసుకుంటోందని తేలాక దాన్ని తెరిచి ట్యాంకు నింపుకోండి, నిండిన తర్వాత నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టం అంచు దాటుతున్నాయేమో టార్చి వేసి చూడండి. ఆ తర్వాత మళ్లీ కాక్ మూసి, నీటి మట్టం దగ్గర లోపలి గోడ మీద పెన్సిలుతో గీత పెట్టి, ఒక గంట ఎవరూ వాడకుండా ఆపండి. గంట తర్వాత నీరు గీత దగ్గరే ఉంటే సీలు మంచిదే. దిగితే ఎంత దిగిందో స్కేలు పెట్టి కొలిచి చెప్పండి. దిగుతూ దిగుతూ ఒకచోట ఆగిపోతే అది కూడా రాయండి, ఎందుకంటే ఆగిన ఎత్తులోనే గొట్టానికో గోడకో పగులు ఉంటుంది.

---

మాగుంట లేఅవుట్ గృహిణి, నెల్లూరు:

కావలి వారు చెప్పిన గీత పరీక్షతోపాటు మా ఇంట్లో నేను చేసిన పద్ధతి కూడా చెబుతాను. తెల్లబట్టలకు పెట్టే నీలిమందు అర చెంచా గ్లాసు నీళ్లలో కలిపి ఫ్లష్ ట్యాంకులో పోసి, అరగంట సేపు బటన్ ముట్టుకోలేదు. మొదట పది నిమిషాలు ఏమీ కనిపించలేదు. తర్వాత కమోడు వెనక గోడ మీద, దారం పోగంత సన్నగా ఒక నీలి గీత దిగి, అడుగున నిలిచిన నీళ్లలో పొగలాగా విడిపోయింది. అప్పటిదాకా మా వారు కారడం లేదనే అన్నారు, ఎందుకంటే తెల్లటి పింగాణీ మీద పారే తెల్లటి నీళ్లు కంటికి ఆనవు.

ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి తిప్పని యాంగిల్ కాక్‌ను బలంగా తిప్పకండి. మా ఇంట్లో అలా తిప్పితే లోపలి కాడ విరిగి, మిద్దె మీదికి పరుగెత్తి గేట్ వాల్వు మూసేలోపు పడకగది దాకా నీళ్లు వచ్చేశాయి. ముందుగా మిద్దె మీది గేట్ వాల్వు ఎక్కడుందో, అది మూసుకుంటోందో లేదో చూసుకుని ఆ తర్వాత కింద చెయ్యి పెట్టండి.

---

చీమకుర్తి వాసి:

నేల తడి మాత్రమే సమస్య అయితే నట్టు చుట్టూ సీలెంటు ముద్ద పూస్తే ఆగిపోతుంది కదా? మా షెడ్డులో అలాగే చేశాము, ఆరు నెలలు గడిచింది.

---

కావలి ప్లంబరు:

చీమకుర్తి వారికి: ముద్ద పూయడం తాత్కాలికంగా పనికొస్తుంది, కాదనను. అయితే కనెక్షన్ పైపు నట్టు రేపు విప్పవలసిన భాగం. ముద్ద గట్టిపడ్డాక నట్టు తిరగదు, బలవంతంగా తిప్పితే ట్యాంకు మూతి పగులుతుంది, అప్పుడు నిజంగానే ట్యాంకు మొత్తం మార్చవలసి వస్తుంది. ఆ నట్టు లోపల నీటిని ఆపేది మరలు కాదు, చిన్న రబ్బరు వాషరు. అది మారిస్తే చాలు. అక్కడ టెఫ్లాన్ టేపు చుట్టవలసిన అవసరం కూడా లేదు; టేపు అవసరమయ్యేది యాంగిల్ కాక్ గోడలోకి వెళ్లే మరలకు.

---

లాయర్‌పేట నివాసి:

చెప్పినట్టే ఈ ఉదయం పరీక్షలు చేశాను. యాంగిల్ కాక్ కొంచెం బిగుసుకుంది కానీ, నెమ్మదిగా అటూ ఇటూ ఆడిస్తే కదిలింది, పూర్తిగా మూసుకుంటోంది. దాన్ని తెరిచి ఉంచితే నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టం అంచు వరకు వచ్చి, పలుచటి పొరలా లోపలికి జారుతున్నాయి. మూసి గీత పెట్టి చూస్తే గంటలో రెండున్నర సెంటీమీటర్లు దిగింది, రెండో గంటలో కూడా దిగుతూనే ఉంది, ఎక్కడా ఆగలేదు. ట్యాంకు లోపలి కొలత 36 సెంటీమీటర్ల పొడవు, 13 సెంటీమీటర్ల వెడల్పు. కనెక్షన్ పైపు పై నట్టు కింద వేలు పెడితే తడి తగిలింది. అంటే నాకు మూడు దారులూ తెరుచుకున్నట్టేనా?

---

విశ్రాంత ఉపాధ్యాయుడు, సింగరాయకొండ:

మీరు కొలతలు ఇచ్చారు కాబట్టి లెక్క చూద్దాము. లోపలి విస్తీర్ణం 36 ఇంటూ 13, అంటే 468 చదరపు సెంటీమీటర్లు. గంటకు రెండున్నర సెంటీమీటర్లు దిగితే 1,170 మిల్లీలీటర్లు. రోజుకు 28 లీటర్లు సీలు కిందినుంచి పోతున్నాయి. ఇప్పుడు మీ మిద్దె మీది ట్యాంకు చూద్దాము. 500 లీటర్ల గుండ్రటి ట్యాంకు అడ్డుకొలత దాదాపు 80 సెంటీమీటర్లు అనుకుంటే విస్తీర్ణం సుమారు 5,000 చదరపు సెంటీమీటర్లు. 14 సెంటీమీటర్లు దిగిందంటే 70 లీటర్లు. అది 12 గంటల్లో పోయింది కాబట్టి రోజుకు 140 లీటర్లు. ఇందులో 28 తీసేస్తే మిగిలిన నూటపన్నెండు లీటర్లలో అత్యధిక భాగం ఓవర్‌ఫ్లో గొట్టంలోంచే పోతోంది. నట్టు దగ్గరి తడి కంటికి కనబడి చిరాకు పెడుతుంది కానీ, సెకనుకు ఒక చుక్క చొప్పున కారినా రోజుకు నాలుగైదు లీటర్లకు మించదు. అసలు నష్టం కంటికి కనబడని చోట ఉంది.

పట్టణాల్లో పైపుల ద్వారా నీరు, భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్నచోట మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని నీటి సరఫరా ప్రమాణం. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి 55 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. మీ ట్యాంకు ఒక పట్టణవాసి వాటా, లేదా ఇద్దరు పల్లెవాసుల వాటాకు పైగా నీటిని ఎవరికీ ఉపయోగపడకుండా పంపేస్తోంది. సాగర్ కుడి కాలువలో వచ్చి, వేసవి నిల్వ చెరువుల్లో ఆగి, శుద్ధి అయి మీ సంపు దాకా చేరే నీరది. నేను చిన్నప్పుడు ఊరి బావి నుంచి కావడితో నీళ్లు మోసినవాణ్ని. ఈ లెక్క వేస్తుంటే నాకు బాధ కలిగింది.

మీ సెప్టిక్ ట్యాంకు పొంగడానికి కూడా ఇదే కారణమని నా గట్టి నమ్మకం. సెప్టిక్ ట్యాంకులోకి ఎంత నీరు వెళ్తే అంత నీరు రెండో వైపునుంచి ఇంకుడు గుంతలోకి రావాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి తడిస్తే బిగుసుకుపోయి నీటిని త్వరగా ఇంకనివ్వదు. రాత్రీ పగలూ ఆగకుండా వచ్చే ధారకు ఆ గుంతకు ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. పైగా నీరు తొందరగా పోవడం వల్ల మలినం అడుగుకు దిగకుండానే గుంతలోకి కొట్టుకుపోయి మట్టి రంధ్రాలను పూడుస్తుంది. ముందు కారడం ఆపి నెల రోజులు చూడండి, ఆ తర్వాతే లారీని పిలవండి.

---

దర్గామిట్ట వాసి, నెల్లూరు:

మాస్టారూ, ఒక సందేహం. ప్రకాశం జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది కదా, వాషర్లు అందుకే తొందరగా పోతున్నాయా?

---

విశ్రాంత ఉపాధ్యాయుడు, సింగరాయకొండ:

కాదు బాబూ. ఫ్లోరైడ్ మోతాదు మించితే పళ్లకూ ఎముకలకూ చేటు చేస్తుంది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు మంచిదని, వేరే దారి లేనిచోట ఒకటిన్నర వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం. వాషరును పాడుచేసేది నీటి కఠినత్వం. కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లు ఉన్న బోరు నీరు గాలి తగిలి నిలిచినచోట కార్బన్ డయాక్సైడ్ వదిలి, తెల్లటి గారగా పేరుకుంటుంది. కుళాయి మూతి దగ్గర, బకెట్టు అంచున మనం రోజూ చూసే తెల్లదనం అదే. కఠినత్వానికి లీటరుకు 200 మిల్లీగ్రాములు మేలైన హద్దు, 600 చివరి హద్దు. ఇసుక రేణువంత గార రబ్బరుకూ దాని పీటకూ మధ్య ఇరుక్కుంటే చాలు, ధార మొదలవుతుంది.

---

కావలి ప్లంబరు:

మాస్టారు గారి లెక్క నా పని సులువు చేసింది. లాయర్‌పేట వారూ, ముందు బాల్ వాల్వు చూడండి, ఎందుకంటే ఎక్కువ నీరు అక్కడే పోతోంది. యాంగిల్ కాక్ మూసి, ట్యాంకు ఖాళీ చేసి, లోపల స్పాంజితో తుడిచేయండి. ఫ్లోటు బంతిని తీసి చెవి దగ్గర ఊపండి. లోపల నీళ్ల చప్పుడు వస్తే బంతి పగిలింది, అది తేలదు, మార్చవలసిందే. చప్పుడు లేకపోతే బంతి కాడను వాల్వుకు కలిపే పిన్ను లాగండి. కాడ వచ్చేస్తుంది, లోపలినుంచి పిస్టన్ జారి బయటికి వస్తుంది. దాని ముఖం మీద గుండ్రటి వాషరు ఉంటుంది. పాత వాషరు మీద నాజిల్ (నీళ్లు వచ్చే సన్న రంధ్రం) అంచు ఒత్తుకుని వలయంలా గుంట పడి ఉంటే, లేదా అది గోటికి రాయిలా గట్టిగా తగిలితే మార్చండి. వాషరు కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లండి. కొలత నోటితో చెబితే దుకాణంలో దగ్గరది ఇస్తారు, దగ్గరది పనికిరాదు.

వాషరుతోపాటు నాజిల్ అంచును కూడా వేలితో తడమాలి. దాదాపు అందరూ ఈ పని వదిలేస్తారు. అంచు మీద గంటు ఉంటే కొత్త వాషరు కూడా నెల రోజుల్లో తెగిపోతుంది, అప్పుడు బాల్ వాల్వు మొత్తం మార్చడమే మేలు. గార మాత్రమే ఉంటే నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీళ్లలో కలిపి అరగంట నానబెడితే మెత్తబడి బట్టతో వచ్చేస్తుంది. గరుకు కాగితంతో రుద్దకండి, పడిన ప్రతి గీతా నీటికి కాలువే అవుతుంది.

రెండోది అడుగు సీలు. మీది బటన్ రకం కాబట్టి నడుమ ఉన్న స్తంభాన్ని పావు మలుపు ఎడమకు తిప్పితే చాలా మోడళ్లలో అడుగు భాగంలోంచి ఊడి వస్తుంది. దాని కింద ఉంగరంలా రబ్బరు సీలు కనిపిస్తుంది. దాన్ని తీసి, రెండు వైపులా చూసి, కొత్తది పెట్టండి. దుకాణంలో వెంటనే దొరక్కపోతే శుభ్రం చేసి తిరగేసి పెట్టినా కొన్ని వారాలు ఆగుతుంది. వాసెలిన్, గ్రీజు వంటివి రాయకండి, పెట్రోలియం జిడ్డుకు రబ్బరు ఉబ్బుతుంది.

తిరిగి బిగించేటప్పుడు ప్లాస్టిక్ నట్టును చేత్తో బిగించి, స్పానరుతో పావు మలుపు చాలు. అంతకు మించితే బలం కాదు, పగులు. చివరగా బంతి ఎత్తును సర్ది, నీరు ఓవర్‌ఫ్లో అంచుకు ఒక అంగుళం కిందనే ఆగేలా చూడండి. ఈ పరీక్ష రాత్రి పడుకునే ముందు ఇంకొకసారి చేయండి. మున్సిపాలిటీ లైను నేరుగా ఫ్లష్ ట్యాంకుకు కలిపిన ఇళ్లలో, వీధిలో వాడకం తగ్గాక ఒత్తిడి పెరిగి, పగలు సరిగా మూసుకున్న వాల్వు రాత్రి కారుతుంది.

---

కోవూరు ఇంజనీరు:

నాది కొంచెం భిన్నమైన అభిప్రాయం. 12 ఏళ్ల ప్లాస్టిక్ ట్యాంకులో ఒక్కొక్క భాగం మార్చుకుంటూ పోతే ఆరు నెలలకు ఒకసారి మళ్లీ మూత తీయవలసి వస్తుంది. ఇంట్లో పెద్దావిడ వాడే మరుగుదొడ్డి ఏ రోజూ ఆగకూడదు. ఐఎస్ 7231 ప్రమాణంతో ఐఎస్ఐ గుర్తు ఉన్న కొత్త ట్యాంకు, మూడు లీటర్లు, ఆరు లీటర్ల రెండు బటన్ల రకం పెట్టుకుంటే ప్రతి ఫ్లష్‌కూ నీరు కూడా ఆదా అవుతుంది. పాత ట్యాంకు ఒకసారికి పది లీటర్లు వదిలితే, రోజుకు పదిసార్లు వాడే ఇంట్లో ఆ తేడా చిన్నది కాదు.

---

కావలి ప్లంబరు:

ఇంజనీరు గారి మాటలో న్యాయం ఉంది. గోడ దగ్గర వెంట్రుకంత పగులు ఉన్నా, బ్రాకెట్టు మరలు తుప్పు పట్టి ట్యాంకు వాలినా, ఆ మోడలుకు సీలు దొరకకపోయినా నేను కూడా మార్చమనే చెబుతాను. కానీ ఇక్కడ నీరు దిగుతూ ఎక్కడా ఆగలేదు, అంటే గోడ పగిలిన జాడ లేదు. రెండు వాషర్లు, ఒక సీలు వేసి చూడకుండా ట్యాంకు దించితే, పాత ఫ్లష్ పైపు కొత్త ట్యాంకు ఎత్తుకు సరిపోక, కమోడు మూతి దగ్గర కదిలి, లేని కారడం ఇంకొకటి మొదలవుతుంది. అది చాలా ఇళ్లలో చూశాను.

---

మాగుంట లేఅవుట్ గృహిణి, నెల్లూరు:

ఇంకొక మాట. కమోడు తెల్లగా ఉంటుందని ఫ్లష్ ట్యాంకులో క్లోరిన్ బిళ్లలు వేసే అలవాటు మాకు ఉండేది. మా సీలు జిగటగా, నల్లగా కరిగినట్టు అయిపోవడానికి అదే కారణమని మా ప్లంబరు చూపించారు. చేతికి అంటుకున్న నలుపు సబ్బుతో కూడా పోలేదు. బిళ్లలు మానేశాక రబ్బరు నిలిచింది. గార పోగొట్టడానికి బాత్రూం యాసిడ్ ట్యాంకులో పోయడం కూడా మంచిది కాదు, ఇత్తడి భాగాలను తినేస్తుంది. బ్లీచింగ్ పొడి వేసినచోట యాసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది, కిటికీ లేని చిన్న గదుల్లో అది చాలా ప్రమాదం.

---

లాయర్‌పేట నివాసి:

నిన్న ఆదివారం పని పూర్తి చేశాను. కావలి వారు చెప్పినట్టు పిస్టన్ తీసి చూస్తే, వాషరు మీద నాజిల్ గుర్తు గాజు సీసా మూతి అచ్చు వేసినంత స్పష్టంగా పడింది, ఒకచోట ఆ గుంట అంచు తెగి ఉంది. నాజిల్ మీద గంటు లేదు కానీ, చుట్టూ తెల్లటి గార గట్టిగా పట్టింది. నిమ్మ ఉప్పులో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే లోపలి ఇత్తడి రంగు బయటపడింది. అడుగు సీలు ఒకవైపు బిగుసుకుపోయి, ఇంకోవైపు మెత్తగా ఉంది.

ట్రంకు రోడ్డులో రెండు దుకాణాలు తిరిగాను. మొదటి దుకాణంలో ఇచ్చిన సీలు పాతదానికంటే మందంగా ఉండడం వల్ల స్తంభం పావు మలుపు తిరగలేదు. రెండో చోట పాతదాన్ని కౌంటరు మీద పెట్టి, ఒకదాని మీద ఒకటి ఆనించి చూసి తీసుకున్నాను. పిస్టన్‌కు ఒక వాషరు, కనెక్షన్ పైపుకు రెండు వాషర్లు కూడా తెచ్చాను.

బిగించాక మొదటిసారి మళ్లీ కారింది. నా గుండె జారింది. చూస్తే బంతి కాడ పక్కగోడకు రాసుకుంటోంది, అందుకే బంతి పూర్తిగా పైకి లేవడం లేదు. కాడను కాస్త వంచి నడుమకు తెచ్చాక, నీరు ఓవర్‌ఫ్లో అంచుకు అంగుళం కింద నిలిచిపోయింది. రాత్రి 10 గంటలకు కాక్ మూసి గీత పెట్టి, మరుగుదొడ్డి తలుపు మీద కాగితం అంటించి పడుకున్నాము. ఆ రాత్రికి మా అమ్మగారి కోసం గదిలోనే కుర్చీ కమోడు ఏర్పాటు చేశాను. ఉదయం 5 గంటలకు నీరు గీతను తాకుతూనే ఉంది. కమోడు అడుగున నిలిచిన నీళ్లు అద్దంలా కదలకుండా ఉన్నాయి. రాత్రంతా ఏ శబ్దమూ లేకపోవడంతో ఎందుకో మెలకువ వచ్చిందని అమ్మ అన్నారు.

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. సెప్టిక్ ట్యాంకు సంగతి నెల తర్వాత రాస్తాను.

---

దర్గామిట్ట వాసి, నెల్లూరు:

మా ఇంట్లో పక్కన చేత్తో కిందికి నొక్కే పాత రకం ట్యాంకు ఉంది, అడుగున రబ్బరు సీలు లేదు, గంటలాంటిది ఉంది. దానికీ ఈ గీత పరీక్ష పనికొస్తుందా?

---

కావలి ప్లంబరు:

పనికొస్తుంది. మీది సైఫన్ రకం. అందులో నీరు గంట పైభాగం దాటి పొర్లితే తప్ప కమోడులోకి పోదు కాబట్టి, సీలు కారడం అనే మాటే ఉండదు. కాక్ మూశాక గీత దిగితే ట్యాంకు అడుగున ఫ్లష్ పైపు బిగించే చెక్ నట్టు వాషరు చూడండి, అక్కడ నేల తడి కూడా కనబడుతుంది. గీత దిగకుండా, కాక్ తెరిచినప్పుడు మాత్రం కమోడులోకి సన్నగా కారుతుంటే బాల్ వాల్వు ఒక్కటే చూసుకుంటే చాలు.

---

లాయర్‌పేట నివాసి:

నెల గడిచింది. సెప్టిక్ ట్యాంకు పొంగలేదు, ఇంకుడు గుంత పక్కన ఎప్పుడూ బురదగా ఉండే చోట మట్టి ఆరి నెర్రెలిచ్చింది. నిన్న మళ్లీ గీత పరీక్ష చేశాను, గంటకు నీరు కదలలేదు.